అడవి బంగళాలో ఒక రాత్రి.. అనుమతి ఉంటేనే ఆనందం

* తనిఖీల కోసం వెలసిన కట్టడాలు.. నేడు విహార నిలయాలు
* దరఖాస్తు నుంచి తాళం చెవి అప్పగింత వరకు తెలుసుకోవలసినవెన్నో
* అడ్డదారిలో గది తీసుకుంటే నష్టపోయేది కాపలాదారే

మదనపల్లె: ఎత్తయిన అరుగు, చుట్టూ వరండా, పైన మంగుళూరు పెంకు, వెనుక విడిగా వంటిల్లు, ముంగిట తాతల కాలం నాటి చెట్టు. అడవి మధ్యలో ఇటువంటి ఇల్లు కనిపిస్తే పరిసర గ్రామాల ప్రజలు ఇప్పటికీ 'దొర బంగళా' అనే పిలుస్తారు. పట్టణ జీవితంతో విసిగిన వారు ఒక్క రాత్రయినా అటువంటి చోట గడపాలని ఆశపడటం సహజం. చరవాణి మోగదు, వాహనాల రొద వినపడదు, తెల్లవారేసరికి అడవి కోళ్ల కూత చెవిన పడుతుంది. అయితే ఆ గది దొరకడం ఎలా? ఎవరిని అడగాలి? ఏమి తీసుకువెళ్లాలి? ఏమి చేయకూడదు? ఈ విషయాలపై సరైన అవగాహన లేక పలువురు నిరాశతో వెనుదిరుగుతున్నారు. మరికొందరు అడ్డదారులు తొక్కి అమాయకుల ఉపాధికి ముప్పు తెస్తున్నారు.

విహారానికి కాదు.. విధి నిర్వహణకు

ఈ బంగళాల స్వభావం అర్థం కావాలంటే అవి ఎందుకు పుట్టాయో ముందుగా తెలుసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో హ్యూ క్లెగ్‌హార్న్ 1856లో అడవుల సంరక్షణాధికారిగా నియమితులయ్యారు. 1864లో డైట్రిచ్ బ్రాండిస్ తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా దేశవ్యాప్త అటవీ శాఖ ఏర్పడింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులను రిజర్వు చేయడం, సరిహద్దు రాళ్లు పాతడం, నరకవలసిన చెట్లకు గుర్తులు వేయడం, వేసవి మంటలను నిలువరించేందుకు అగ్నిరేఖలు తీయడం వంటి పనులు పెరిగాయి. వీటి తనిఖీకి అధికారులు నెలలో అధిక దినాలు గుర్రంపైనో, ఎద్దుబండిలోనో, కాలినడకనో తిరిగేవారు. వారు చీకటి పడేలోగా చేరుకుని తలదాచుకునేందుకు దారి పొడవునా, రమారమి ఒక రోజు ప్రయాణ దూరానికి ఒకటి చొప్పున విశ్రాంతి గృహాలు వెలిశాయి.

కట్టుబడిలోనే ఆ అవసరం కనిపిస్తుంది. ఏడాది పొడవునా నీరుండే వాగుకో, బావికో చేరువలో, వరద అందని మిట్టపై స్థలం ఎంచేవారు. పాములు, తేమ లోనికి రాకుండా అరుగు ఎత్తుగా లేపేవారు. ఎండ గోడలకు తగలకుండా నలువైపులా వరండా దించేవారు. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు వేసవిలో చల్లదనాన్ని ఇస్తాయి. నిప్పు ప్రమాదం ప్రధాన గృహానికి అంటకుండా వంటిల్లు వేరుగా ఉండేది. గుర్రాల సాల, పరిచారకుల గదులు వెనుక భాగంలో ఉండేవి. బాసెల్ మిషన్ వారు మంగుళూరులో 1865లో పెంకుల తయారీ ప్రారంభించిన తర్వాత ఆ ఎర్ర పెంకు దక్షిణాది బంగళాలకు ఆనవాలుగా మారింది.

అనగా ఇవి విహారం కోసం కట్టిన ఇళ్లు కావు. ఉద్యోగి తన విధి నిర్వర్తించేందుకు కట్టినవి. నేటికీ వీటి నిబంధనలన్నింటికీ మూలం ఇదే. ముందు శాఖ పని, ఆ తర్వాతే అతిథి. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్న వారికి అడవి బంగళా ఏనాడూ నిరాశ కలిగించదు.

కొండపై హార్సిలీ బంగళా

మన ప్రాంతంలో ఇందుకు చక్కని ఉదాహరణ హార్సిలీ హిల్స్. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సంరక్షణలో పెరిగిన మల్లమ్మ అనే బాలిక కొండవాసుల రోగాలు నయం చేసేదని, ఒకనాడు అదృశ్యమైందని స్థానికులు కథగా చెప్పుకుంటారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వం మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి.హార్సిలీ ఇక్కడి చల్లదనానికి ముగ్ధులై 1860వ దశకంలో వేసవి విడిదిగా బంగళాను, దానితో పాటు కచేరీ భవనాన్ని నిర్మింపజేశారు. కాలక్రమంలో కొండకు ఆయన పేరే స్థిరపడింది. బంగళా ముంగిట 1859లో నాటినట్లు చెప్పే నీలగిరి వృక్షానికి 'కల్యాణి' అని పేరు. 1995లో అది మహావృక్ష పురస్కారం పొందింది.

ఇటు శేషాచలం అడవులది వేరొక చరిత్ర. బెంగళూరుకు చెందిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ 1954లో వెలువరించిన తన తొలి పుస్తకంలో తిరుపతికి చేరువలోని చామల లోయలో సంచరించిన పులి గురించి రాశారు. అటు నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమిపై ఉన్న ఫర్హాబాద్ నిజాం ప్రభువుల వేట విడిదిగా ప్రసిద్ధి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో వేటకు తెరపడింది. ఒకనాడు తుపాకులు ఆనించిన వరండాల్లో నేడు కెమెరాలు, దుర్భిణులు దర్శనమిస్తున్నాయి.

గోడలకు మరో జ్ఞాపకం

ఈ బంగళాల అందాన్ని మెచ్చుకునేటప్పుడు మరో పార్శ్వాన్ని విస్మరించరాదు. తరతరాలుగా పశువులు మేపుకుంటూ, పోడు చేసుకుంటూ, పుల్లలు ఏరుకుంటూ బతికిన వారికి 1882 చట్టం సొంత ఇంట్లోనే పరాయితనం తెచ్చింది. పశువుల మేతపై వసూలు చేసిన పుల్లరిని ధిక్కరించిన పల్నాటి వీరుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో అమరులయ్యారు. అదే సంవత్సరం మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటు మొదలైంది. పోడుపై ఆంక్షలు, రహదారి పనుల్లో వెట్టి చాకిరీ అందుకు ప్రధాన కారణాలు. దొర దిగిన బంగళాకు నీళ్లు మోసింది, కట్టెలు కొట్టింది ఆ గూడేల వారే. పల్లె ప్రజలు నేటికీ ఆ ఇంటికి కొంత ఎడంగా నడవడంలో అర్థం లేకపోలేదు. రాత్రి బసకు వెళ్లే అతిథి ఈ సంగతి ఎరిగి మసలుకుంటే ఊరి వారితో మాట కలవడం తేలికవుతుంది.

ముందుగా తెలుసుకోవలసింది.. ఎవరి అధీనంలో ఉందని

అడవిలో ఉన్నంత మాత్రాన ప్రతి బంగళా అందరికీ అద్దెకు దొరకదు. స్థూలంగా వీటిని మూడు తరగతులుగా చెప్పుకోవచ్చు. మొదటిది, పూర్తిగా శాఖాపరమైన వినియోగానికి పరిమితమైనవి. వీటిలో ఖాళీ ఉన్నప్పుడు బయటి వారికి ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారుల విచక్షణ. రెండోది, పర్యావరణ పర్యాటకం కోసం తెరచినవి. వీటికి నిర్ణీత అద్దె, ముందస్తు నమోదు విధానం ఉంటాయి. మూడోది, పర్యాటక శాఖ నిర్వహించే వసతులు. హార్సిలీ హిల్స్ వంటి చోట్ల అటవీ శాఖ గదులు, పర్యాటక శాఖ గదులు ఒకే కొండపై ఉన్నందున ఒకరి రసీదుతో మరొకరి గుమ్మం ముందు నిలబడి ఇబ్బంది పడే అవకాశం ఉంది.

తలకోన, మారేడుమిల్లి వంటి చోట్ల వన సంరక్షణ సమితుల భాగస్వామ్యంతో పర్యాటక వసతులు వచ్చాయి. ఇక్కడ వంట చేసేవారు, దారి చూపేవారు స్థానికులే కావడంతో అద్దె సొమ్ములో కొంత వారికి చేరుతుంది. అయితే వీటిలో అధిక భాగం ఇటీవలి కాలపు కుటీరాలు. పాత బంగళాయే కావాలనుకునే వారు ఆ సంగతి అడిగి నిర్ధారించుకోవాలి. గది పేరు, కట్టడం పేరు అనుమతి పత్రంలో రాయించుకోవడం శ్రేయస్కరం.

దరఖాస్తు ఇలా..

సాధారణంగా బంగళా ఏ డివిజన్ పరిధిలో ఉంటే ఆ డివిజనల్ అటవీ అధికారి కార్యాలయాన్ని సంప్రదించాలి. అంతర్జాలంలో నమోదు సౌకర్యం ఉన్న చోట ప్రభుత్వ వెబ్‌సైట్‌నే ఆశ్రయించాలి. మధ్యవర్తులను నమ్మరాదు. దరఖాస్తులో వచ్చే వారందరి పేర్లు, తేదీలు, వాహనం సంఖ్య, గుర్తింపు పత్రం వివరాలు పొందుపరచాలి. నలుగురికి అనుమతి తీసుకుని ఎనిమిది మంది వెళితే చెక్‌పోస్టు వద్దే నిలిపివేస్తారు. రుసుము చెల్లించి రసీదు పొందాలి. దాని నకలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. బయలుదేరే ముందు రోజు రేంజి కార్యాలయానికి ఫోన్ చేసి, తమ రాక గురించి బంగళా కాపలాదారుకు సమాచారం అందిందో లేదో తెలుసుకోవాలి. అడవిలోకి సమాచారం ఆలస్యంగా చేరడం అరుదేమీ కాదు.

అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో బసకు అనుమతి ఒకటి, ప్రవేశానికి అనుమతి మరొకటి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం పర్యాటకం, ఛాయాచిత్రణం, అధ్యయనం తదితర ప్రయోజనాలకు ప్రవేశ అనుమతి ఇస్తారు. వాహనానికి, కెమెరాకు వేర్వేరు రుసుములు ఉండవచ్చు. సాయంత్రం గేటు మూసే వేళ ముందే తెలుసుకోవాలి. శేషాచలం పరిసరాల్లో ఎర్రచందనం అక్రమ రవాణాను అరికట్టేందుకు రాత్రి రాకపోకలపై గట్టి నిఘా ఉంటుంది. అనుమతి పత్రం లేకుండా చీకట్లో అడవి దారిన తిరిగే వారు ఎవరైనా అనుమానితులే.

ఇంకొక మాట. అధికారుల పర్యటన, అగ్నిప్రమాదం, ఏనుగుల సంచారం వంటి కారణాలతో ఖరారైన బస చివరి క్షణంలో రద్దు కావచ్చు. అటువంటప్పుడు వాదనకు దిగడం కన్నా చేరువలోని పట్టణంలో ప్రత్యామ్నాయం చూసుకుని ఉండటం వివేకం.

ఎప్పుడు వెళ్లాలి.. ఏమి తీసుకువెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఫిబ్రవరి దాటితే ఆకు రాలి అడవి ఎండిపోతుంది. మంటల భయం ఎక్కువ. నల్లమల వంటి పులుల అభయారణ్యాల్లో జులై నుంచి సెప్టెంబరు వరకు వర్షాకాలంలో సందర్శకులను అనుమతించరు. జంతువులకు అది జత కట్టే కాలం. పైగా దారులు బురదమయం.

బంగళా అంటే హోటల్ కాదు. మంచం, పరుపు, దుప్పటి ఉంటాయి. మిగిలినవాటిపై ఆశ పెట్టుకోరాదు. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, తాగునీరు వెంట తీసుకువెళ్లాలి. వండిపెట్టే వారు ఉన్నదీ లేనిదీ ముందుగా విచారించాలి. ఉంటే వారి కూలి విడిగా ఇవ్వాలి. విద్యుత్తు సౌరశక్తితోనో, జనరేటరుతోనో కొద్ది గంటలే అందవచ్చు. టార్చిలైటు, అదనపు బ్యాటరీలు, దోమతెర తప్పనిసరి. ఏజెన్సీ అడవుల్లో మలేరియా ఉన్నందున దోమతెరను నిర్లక్ష్యం చేయరాదు. తిరిగి వచ్చాక జ్వరం వస్తే అడవిలో బస చేసిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

చీకటి పడ్డాక వరండా దిగేటప్పుడు టార్చి, బూట్లు లేకుండా అడుగు వేయరాదు. విడిచిన బూట్లను ఉదయం దులిపి తొడుక్కోవాలి. నేలపై పడుకోరాదు. కట్లపాము రాత్రి వేళ సంచరిస్తుంది. దాని కాటు నొప్పి లేకుండా ఉండవచ్చు. పాము కాటేస్తే నాటు వైద్యం, కత్తి గాట్లు, బిగుతైన కట్లు వద్దు. కదలకుండా ఉంచి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఎక్కడ, ఎంత దూరం అన్నది అడవిలోకి వెళ్లకముందే తెలిసి ఉండాలి. ఫోన్ సంకేతం అందే చివరి చోటు ఏదో కాపలాదారును అడిగి గుర్తుంచుకోవాలి.

నిప్పుతో చెలగాటం వద్దు

ముంగిట మంట వేసి చుట్టూ కూర్చోవడం చాలామంది వేడుకగా భావిస్తారు. అభయారణ్యంలో మంట వేయడం, ఆర్పకుండా వదలడం చట్టం 30వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. రిజర్వు అడవుల్లోనూ 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం దీన్ని నేరంగా పరిగణిస్తుంది. ఒక్క సిగరెట్టు పీక కొండంత అడవిని దహించగలదు. బంగళాలకూ నిప్పే పెద్ద శత్రువు. పశ్చిమ బెంగాల్‌లోని జల్దాపారా జాతీయ పార్కులో 1967లో కట్టిన హోలాంగ్ బంగళా ప్రధానంగా చెక్క కట్టడం. 2024 జూన్ 18 రాత్రి అది కాలి బూడిదైంది. వర్షాకాలం కోసం పార్కు మూసి ఉండటంతో అతిథులు లేరు. దశాబ్దాల జ్ఞాపకాలు మాత్రం కొన్ని గంటల్లో మసైపోయాయి. పాత బంగళాల్లో తీగలు, స్విచ్చులు నేటి విద్యుత్ పరికరాల భారానికి తగినవి కావు. హీటర్లు, విద్యుత్ పొయ్యిలు తీసుకువెళ్లకపోవడమే మేలు.

మద్యం, మైకు పాటలు, డ్రోన్లు, కోతులకు తిండి పెట్టడం, ప్లాస్టిక్ వదిలి రావడం.. ఇవేవీ అడవికి సరిపడవు. తెచ్చిన చెత్త తిరిగి పట్టణానికే తీసుకుపోవాలి.

తాళం చెవి వెనుక ఒక కుటుంబం

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు. సత్యజిత్ రాయ్ 1970లో తీసిన 'అరణ్యేర్ దిన్ రాత్రి' చలనచిత్రంలో కలకత్తా నుంచి వచ్చిన నలుగురు యువకులు ముందస్తు అనుమతి లేకుండా పలామూ అడవిలోని బంగళాకు చేరి, కాపలాదారు చేతిలో డబ్బు పెట్టి గది తీసుకుంటారు. అతని భార్య జబ్బుతో ఉంటుంది. ఉద్యోగం పోతుందన్న భయం అతన్ని వెంటాడుతుంది. యువకులకు అది నాలుగు రోజుల వినోదం. అతనికి బతుకు. నేటి జార్ఖండ్‌లోని కేచ్‌కీ బంగళా వద్ద ఆ చిత్రాన్ని తీశారు.

ఆ సినిమా చూడకముందే ఈ వ్యాసకర్త ఆ తప్పు చేశాడు. 2001లో డిగ్రీ పరీక్షలు ముగిసిన సంతోషంలో నలుగురు మిత్రులం రెండు మోటారు సైకిళ్లపై ఒక కొండ మీది బంగళాకు చీకటి పడే వేళకు చేరాము. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. కాపలాదారు దినకూలీపై పనిచేసే యాభయ్యేళ్ల మనిషి. కాగితం ఉందా బాబూ అని అడిగాడు. లేదన్నాము. వెనక్కి పొమ్మన్నాడు. దారిలో ఏనుగులు ఉంటాయేమోనని మేమే భయం నటించి, రెండు వంద రూపాయల నోట్లు చేతిలో పెట్టాము. కాసేపు తటపటాయించి తలుపు తీశాడు. ఇంటి నుంచి కోడిగుడ్ల పులుసు వండించి తెచ్చాడు. మేము ముంగిట మంట వేశాము. వద్దు బాబూ అని రెండుసార్లు చెప్పాడు. మేము నవ్వాము.

రాత్రి పది గంటల వేళ జీపు దీపాలు కనిపించాయి. తనిఖీకి వచ్చిన అధికారికి పడక లేదు. ముంగిట మంట ఉంది. మమ్మల్ని మందలించి, తెల్లవారేవరకు వంటింట్లో పడుకోనిచ్చారు. ఉదయం మేము క్షేమంగా ఇంటికి చేరాము. రెండు నెలల తర్వాత ఈసారి కాగితం చేత పట్టుకుని అదే బంగళాకు వెళితే తాళం చెవి మరొకరి చేతిలో ఉంది. పాత మనిషిని ఆ మరుసటి రోజే పనిలోంచి తీసివేశారని తెలిసింది. కూలి పనులకు ఊరు విడిచి వెళ్లాడన్నారు. ఎక్కడికని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఆ రాత్రి మేము తిన్న పులుసు ఖరీదు రెండు వందలు కాదని అప్పుడు అర్థమైంది.

కనుక కాపలాదారును బతిమాలవద్దు, బెదిరించవద్దు, ప్రలోభపెట్టవద్దు. కార్యాలయం కట్టమన్న రుసుమును కార్యాలయంలోనే కట్టండి. అనుమతి పత్రం చేతిలో ఉన్న అతిథిని అతను తలెత్తుకుని లోపలికి పిలుస్తాడు. అది లేని వారు వచ్చిన రాత్రి అతనికి నిద్ర ఉండదు.

వెళ్లే ముందు..

చాలా బంగళాల్లో సందర్శకుల పుస్తకం ఉంటుంది. పేరు, తేదీ రాసి, చూసిన జంతువులు, విన్న పక్షులు, గదిలోని లోపాలు మర్యాదగా నమోదు చేయండి. పెంకు కారుతోందనో, తీగ తెగిందనో రాసిన ఒక్క వాక్యం మరమ్మతుకు ఆధారం కావచ్చు. తలుపులు, కిటికీలు మూసి, నీటి కుళాయి కట్టి, సామగ్రి లెక్క చూపి తాళం చెవి అప్పగించండి.

వాడుక లేని ఇల్లు త్వరగా కూలుతుంది. చెదలు పట్టి, పెంకు జారి శిథిలమైన విశ్రాంతి గృహాలు మన అడవుల్లో లేకపోలేదు. నియమబద్ధంగా వచ్చి, రుసుము చెల్లించి, శుభ్రంగా విడిచి వెళ్లే అతిథులు పెరిగితే మిగిలినవి నిలబడే అవకాశం ఉంటుంది. ఒక రాత్రి బసకు వెళ్లే వారికి అడవి పెద్దగా ఏమీ అడగదు. చేతిలో ఒక కాగితం, నోట తగ్గిన గొంతు. ఆ రెండూ ఉంటే నూరేళ్ల వరండాలో వాలుకుర్చీ, ఎదుట వెన్నెల, దూరంగా కణుజు అరుపు.. అన్నీ అతిథివే.